‘మేం’ లేని ‘మనం’

తెలుగులో ‘మేం’ వేరు, ‘మనం’ వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, బయట నిలబెడితే మేం. ఢిల్లీ ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే. తెలుగు, మరాఠీల పక్కన బతికిన దక్కనీలో ‘అపన్’ కూడా ఉంది. ఈ రెండు మాటల మధ్య సందులోనే మా బతుకు ఇరుక్కుపోయింది. తెల్లవాడి పాలన మీద తెలుగువాళ్లు రాసిన పద్యాలు, ఆడిన నాటకాలు, తీసిన సినిమాలు, నిలబెట్టిన విగ్రహాలు ‘మనం’ అనే మాట మీదే నిలబడ్డాయి. ఆ ‘మనం’లో మేం ఉన్నామా? ఉంటే ఏ వేషంలో ఉన్నాం? వలసపాలనని ఎదిరించిన కళ గురించి పొగడ్తలు చాలానే వచ్చాయి. ఆ కళ లోపల కూడా ఒక ఆధిపత్యం కూర్చుని ఉందన్న మాట మాత్రం మేమే అనుకోవాల్సి వస్తోంది.

ఈ మాట గోదావరి గట్టు మీంచే మొదలెడదాం. జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన దాటి రావులపాలెంలో దిగితే కోనసీమ మొదలవుతుంది. అరటి గెలల మార్కెట్టు, లొల్ల లాకులు, పడమటి వైపు పోతే సిద్ధాంతం వంతెన. ఈ సీమలో ఏ కాలవగట్టు పట్టుకుని వెళ్లినా ఎక్కడో ఒకచోట కాటన్ దొర ఎదురవుతాడు. ఒకచోట గుర్రం మీద, ఒకచోట నిలువెత్తున, ఒకచోట భుజాల దాకా. రంగులు వేస్తారు, దండలు వేస్తారు, మే 15న పుట్టినరోజు చేస్తారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ డెల్టాని అన్నపూర్ణని చేసింది. 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీకీ ఆయన పేరే. గోదావరి స్నానం చేసి సంకల్పం చెప్పుకునేటప్పుడు ఆయన్ని భగీరథుడని తలుచుకునే సంస్కృత శ్లోకం కూడా ప్రచారంలో ఉంది.

ఇందులో మాకు పేచీ లేదు. ఆ నీళ్లు మా పొలాలకీ వచ్చాయి. పొలం లేనివాళ్లం ఆ పొలాల్లో కూలి చేసుకుని తిన్నాం. 1832-33 కరువు తెలుగు కోస్తాని ఊడ్చేసింది, 1839 తుఫాను కోరంగిని ముంచేసింది. ఆ తర్వాత వచ్చిన నీటికి జనం దండం పెట్టుకోవడం సహజం. మా ప్రశ్న వేరు. సముద్రం దాటొచ్చిన ఒక క్రైస్తవ సైనికాధికారి, కంపెనీ కొలువు చేసిన మనిషి, నూరేళ్లు తిరక్కుండానే పురాణంలో చోటు సంపాదించుకుని ‘మన కాటన్ దొర’ అయిపోయాడు. తరతరాలుగా ఇదే మట్టిలో పుట్టి ఇదే మట్టిలో కలిసిపోతున్న సాయిబు ఇంకా ‘మీవాళ్లు ఎక్కణ్ణించొచ్చారు?’ అన్న ప్రశ్నకి జవాబు వెతుక్కుంటున్నాడు. పరాయితనం పుట్టుకతో వచ్చేది కాదని కాటన్ విగ్రహమే చెబుతోంది. ఎవర్ని కలుపుకోవాలో, ఎవర్ని బయట ఉంచాలో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందో వాళ్లే పరాయివాణ్ణి తయారు చేస్తారు.

విగ్రహం కూడా ఒక కథే. కథలాగే కొన్ని చెబుతుంది, కొన్ని దాస్తుంది. కంపెనీ దృష్టిలో ఈ ఆనకట్ట పుణ్యకార్యం కాదు. కరువుతో, వలసలతో పడిపోయిన శిస్తు మళ్లీ పెరగాలి, పెట్టిన సొమ్ము లాభంతో తిరిగి రావాలి. ఇసక మీద పునాది వేసే విద్య దొరలు ఇంగ్లండు నుంచి తెచ్చింది కూడా కాదు. కావేరి మీద చోళుల నాటి కల్లణై చూసి నేర్చుకున్నానని కాటనే రాసుకున్నాడు. ఎండలో రాళ్లు మోసిన వేలమంది కూలీలకి పేర్లు లేవు. స్థానికుల్లో ఓవర్సీరుగా పనిచేసిన వీణెం వీరన్న పేరు ధవళేశ్వరంలో ఒక రాతి మీద మిగిలింది. ఆ మాత్రం కూడా మిగిలినవాళ్లు లేరు. ఇవన్నీ విగ్రహం దాచింది.

ఇంకో సంగతి కూడా దాచింది. రైళ్ల మీద సొమ్ము తగలేస్తూ నీటిపారుదలని నిర్లక్ష్యం చేస్తున్నారని కాటన్ తన ప్రభుత్వంతోనే బతుకంతా తగువు పడ్డాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు నిలబడి జవాబు చెప్పుకున్నాడు. సామ్రాజ్యం లోపల కూర్చుని సామ్రాజ్యాన్ని విమర్శించిన ఆ కాటన్ మన గట్ల మీద లేడు. గట్ల మీదున్నది వరాలిచ్చే దొర. మనిషిని దేవుణ్ణి చేస్తే అతని విమర్శ చచ్చిపోతుంది, పాలన మాత్రం దయగా మిగిలిపోతుంది. వలసవాదం విగ్రహాల్లో బతికేది ఇలాగే.

దొరకి దండం పెట్టిన ఈ గోదావరే దొరమీద తిరగబడ్డ పద్యాన్నీ కన్నది. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసించినప్పుడు తెలుగు చేసి చెప్పింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆ సభలో ఆయన చెప్పిన పద్యం ఆంధ్రదేశమంతా పాకిపోయింది. దేశం పాడి ఆవు. తెల్లవాళ్లు పాలు పితుక్కునే గడుసువాళ్లు. దూడలు మూతి బిగిసి ఏడుస్తున్నాయి. వలస దోపిడీని పల్లెటూరి రైతుకి నాలుగు పాదాల్లో చెప్పేసిన పద్యం అది. ఆర్థికశాస్త్రం పుస్తకాలు చెయ్యలేని పని చేసింది. గొప్ప పద్యమే, ఒప్పుకుంటాం.

అయితే ఆ దూడలకి కవి పెట్టిన పేరు హిందువులు. ఆ రోజుల్లో హిందూదేశం అంటే ఇండియా, హిందువులు అంటే ఆ దేశంలో ఉన్నవాళ్లు అన్న వాడుక ఉండేదని పండితులు చెబుతారు. నిజమే, ఉండేది. చిలకమర్తి మనసులో విషం ఉందని మేం అనడం లేదు. ఆయన సంఘసంస్కర్త, వీరేశలింగం దారిలో నడిచినవాడు. మేం అడిగేది కవి మనసు గురించి కాదు, పద్యం చేసే పని గురించి. వాడుక మారిపోయింది, పద్యం మారలేదు. ఇవాళ బడిలో ఆ పద్యం చదివే కరీమో, ఫాతిమానో తాను ఏ దూడో వెతుక్కోవాలి. ఆవు, దూడ అనే ప్రతీక కూడా 1907లో ఉన్నంత అమాయకంగా ఇవాళ లేదు. ఆవు పేరుతో మనుషుల్ని కొట్టి చంపిన కాలం చూశాం మనం. 2015లో దాద్రిలో ఏం జరిగిందో లోకమంతా చూసింది. ఒక ప్రతీక కవి చేతిలోంచి జారిపోయి ఎవరి చేతికి చిక్కుతుందో చూడాల్సిన పని విమర్శకుడిది. మన పాఠ్యపుస్తకాల్లో ఆ విమర్శ లేదు. పద్యం ఉంది, ప్రతిపదార్థం ఉంది, అంతే.

తెల్లవాడికంటే ముందు ‘తురకదొరతనం’ లేదా అంటారు. ఉంది. ఆ మాటా చెప్పుకుందాం. ఈ రాజమండ్రి సర్కారుని ఏలూరు, ముస్తఫానగర్, చికాకోల్ సర్కార్లతో కలిపి 1753లో ఫ్రెంచి బుస్సీకి రాసిచ్చింది నిజాం సలాబత్ జంగ్. 1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గర చందుర్తిలో ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచివాళ్లని ఓడించారు. అప్పుడు ఇంగ్లీషువాళ్ల పక్కన నిలబడింది విజయనగరం ఆనంద గజపతి. 1765లో మొగల్ పాదుషా షా ఆలం ఫర్మానా ఇచ్చాడు, 1766లో నిజాం ఒప్పందం చేసుకున్నాడు. పాదుషా సంతకం పెట్టాడు, నవాబు సంతకం పెట్టాడు, రాజు సైన్యం పంపాడు. దూది ఏకుకునే దూదేకుల సాయిబు ఏ సంతకమూ పెట్టలేదు. అప్పుడు కాగితాలు మారాయి, శిస్తు వసూలు చేసే చెయ్యి మారింది. కాపు, మాల, మాదిగ, సాయిబు అందరూ ఆ చేతికిందే ఉన్నారు. రాజుల పాపాన్ని రాజుల కులమంతటికీ అంటగట్టరు గానీ, నవాబుల పాపాన్ని మాత్రం మస్తానుకీ హుస్సేనుకీ కూడా పంచిపెడతారు. ఇది ఏ లెక్క?

ఆ లెక్క నాటకరంగం మీద బాగా స్థిరపడింది. వేదం వెంకటరాయ శాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’ 1897 నాటిది. కాకతి ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ తురకలు చెరపట్టడం, యుగంధరుడు తెలివితో విడిపించడం దాని కథ. తెల్లవాడి పాలన కింద కూర్చుని తెల్లవాడి మీద నేరుగా రాయలేని రోజుల్లో పాత ‘తురక’ శత్రువు ఆ స్థానంలోకి వచ్చాడు. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టింది ఎవరి ఓటమికి? ఒకవైపు పరపాలన మీద కోపం, ఇంకోవైపు పక్కింటివాడి మీద అనుమానం, రెండూ ఒకే చప్పట్లలో కలిసిపోయాయి. బొబ్బిలి కథ కూడా అంతే. 1757 యుద్ధంలో ఒకపక్క బుస్సీ, అతని దివాను హైదర్ జంగ్, మరోపక్క విజయనగరం రాజు. నాటకాలు చూసి, 1964 సినిమా చూసి బయటికొచ్చిన జనానికి పాము పడగలా గుర్తుండిపోయేది మాత్రం హైదర్ జంగే.

పాత్రోచిత భాష పేరుతో తురక పాత్రకి విరిగిన తెలుగు ఇచ్చారు. నాటకంలో అది ఒక పద్ధతి. సినిమాలోకి వచ్చేసరికి అది వెకిలితనమైంది. తెలుగు సినిమాలో సాయిబు ‘నిమ్కి, నమ్కి’ అనకుండా నాలుగు ముక్కలు తెలుగు మాట్లాడటం అరుదు. ఈ డెల్టాలో మా ఇళ్లకొచ్చి వినండి. పిల్లలు అవునని చెప్పాలంటే ‘ఆయ్’ అంటారు. నూర్‌బాషాల ఇళ్లలో అమ్మ జోలపాడేది తెలుగులో. ఎదురు లెక్క కూడా చూడండి. రైతు అనే మాట అరబ్బీ రయ్యత్. జిల్లా, తహసీలు, దస్తావేజు, జమాబందీ, ఫసలీ, కచేరీ, ఖరీదు, సర్కారు ఇవన్నీ ఎక్కణ్ణించొచ్చాయి? రావులపాలెం మార్కెట్లో గెల ఖరీదు కట్టే మనిషి మా మాటల్తోనే బేరం చేస్తున్నాడు. భాష మమ్మల్ని ఎప్పుడో కలిపేసుకుంది. కళ ఇంకా కలుపుకోలేదు.

చిత్రకళలో కూడా ఈ వెతుకులాట జరిగింది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే తెల్లవాడు. గ్రీకు బొమ్మలు అచ్చుగుద్దక్కర్లేదు, మీ గోదావరిని, మీ మనుషుల్ని చూసి గియ్యండని కుర్రాళ్లకి చెప్పింది ఆయన. ఆ శిష్యుల్లోంచే దామెర్ల రామారావు, అడివి బాపిరాజు వచ్చారు. దామెర్ల 1897లో పుట్టి 1925లో పోయాడు, ఇరవయ్యెనిమిదేళ్లు నిండకుండానే. అంత చిన్న బతుకులో ఆంధ్ర చిత్రకళ అనే మాటకి ఒక రూపం ఇచ్చి వెళ్లాడు. వలసగురువు చెప్తే తప్ప మన ముఖం మనకి గుర్తు రాకపోవడం అటుంచండి. ఆ గుర్తించిన ముఖం ఏది? పురాణం, సిద్ధార్థుడి కథ, గోదావరి ఒడ్డు స్త్రీలు. అందమైన బొమ్మలే. ఆంధ్రత్వం అంటే ఏమిటో నిర్ణయమైపోయిన ఆ రోజుల్లో పీర్లసావిడి, దర్గా ఉరుసు, ఊరి బయట గూడెం ఆ నిర్వచనానికి పునాదులు కాలేకపోయాయి. పీర్లపండక్కి కులమతాలు చూసుకోకుండా ఊరంతా గుండం చుట్టూ తిరిగే పల్లెలు ఈ నేల మీదే ఉన్నాయి. ఊరు చేసుకున్న ‘మనం’ కళ చేసుకున్న ‘మనం’ కంటే పెద్దది.

మా వాళ్లు రాయలేదా? రాశారు. పిఠాపురంలో 1885లో పుట్టిన ఉమర్ ఆలీషా పద్యకవి, నాటకకర్త, ఆధ్యాత్మిక పీఠాధిపతి. ఉమర్ ఖయ్యాం రుబాయిల్ని పారసీ నుంచి తెలుగు పద్యాలు చేశాడు. 1935 నుంచి 1945లో నరసాపురంలో కన్నుమూసే దాకా కేంద్ర శాసనసభలో సభ్యుడు. దేశం గురించి రాశాడు, మహమ్మదు ప్రవక్త చరిత్ర రాశాడు, అనసూయాదేవి నాటకమూ రాశాడు. గోదావరి తెలుగులో ‘మేం’, ‘మనం’ రెండూ ఒకే నోట పలికిన మనిషి. ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా ఒక మాట వినబడుతుంది: ‘ముస్లిం అయినా ఎంత చక్కటి తెలుగు!’ ఆ ‘అయినా’ దగ్గరే మాకు అభ్యంతరం. కాటన్‌కి ‘ఇంగ్లీషువాడైనా’ అన్నది కృతజ్ఞత. ఆలీషాకి ‘ముస్లిం అయినా’ అన్నది మినహాయింపు. ఒక్కణ్ణి మినహాయించడమంటే మిగిలినవాళ్లందర్నీ బయటే ఉంచడం. ఇంకో పక్క ఉర్దూ రాని వాణ్ణి, తెలుగులో రాసేవాణ్ణి మనవాడు కాదన్నట్టు చూసే పెద్దరికం మాలోనూ ఉంది. దూదేకులని పూర్తి ముసల్మాన్లుగా చూడని అష్రాఫ్ దర్జా కూడా వలసవాదానికి దాయాదే. ఆ లెక్క కూడా తేల్చుకోకుండా మా ఒక్క వైపు నుంచే వేలెత్తి చూపడం న్యాయం కాదు.

ఇక ఇవాళ్టి సంగతి. 2022 మార్చిలో వచ్చిన ‘ఆర్ ఆర్ ఆర్’ తెల్ల సామ్రాజ్యం మీద తీసిన తెలుగు సినిమాల్లో ప్రపంచమంతా చూసినది. ఒక కథానాయకుడు మన మోగల్లు వాడైన అల్లూరి సీతారామరాజు పేరు పెట్టుకున్నాడు, ఇంకొకడు గోండు వీరుడు కొమురం భీం పేరు. ఇద్దరూ చరిత్రలో కలుసుకోలేదు, అది కల్పన. భీమ్ ఢిల్లీలో అఖ్తర్ అనే ముస్లిం మెకానిక్ వేషంలో దాక్కుంటాడు. 2020 అక్టోబరులో టీజరులో ఆ టోపీ కనబడగానే గొడవ లేచింది. సినిమా ఆడనివ్వమని రాజకీయ నాయకులు బెదిరించారు. నిజాం అధికారుల మీద పోరాడి 1940లో జోడేఘాట్‌లో చనిపోయిన భీంకి ఆ టోపీ ఏమిటని ఆదివాసులు అడిగితే అది వాళ్ల చరిత్ర బాధ, అడిగే హక్కు వాళ్లకి ఉంది. ఓట్ల కోసం టోపీ మీద పడ్డవాళ్ల కోపం వేరే జాతిది.

సినిమా వచ్చాక మాకు కనబడింది ఇది. మీకు కళ ఏం తెలుసని తెల్లవాడు హేళన చేస్తే, జవాబుగా ఆడిన నాటు పాటకి 2023లో ఆస్కార్ వచ్చింది. మేమూ చప్పట్లు కొట్టాం. ఆ పార్టీకి పిలుపు అందింది ఎవరికి? అఖ్తర్‌కి. తెల్లవాడి ముందు కాలు ఆడించింది అఖ్తర్ పేరు మీద. భీమ్‌కి అన్నం పెట్టి ఆశ్రయమిచ్చింది ఒక ముస్లిం కుటుంబం. పని అయిపోయాక అఖ్తర్ అనే తొడుగు రాలిపోతుంది. చివర్లో ఒకడు విల్లు పట్టిన రాముడవుతాడు, ఒకడు అడవి బిడ్డగా చదువు చెప్పమని అడుగుతాడు. ఆఖరి పాటలో జెండా కింద బోస్, పటేల్, భగత్ సింగ్, టంగుటూరి ప్రకాశం, చిదంబరం పిళ్లై, కిత్తూరు చెన్నమ్మ, పళశ్శి రాజా కనబడతారు. ఇంగ్లీషువాడితో కాదు, మొగలులతో యుద్ధాలు చేసిన శివాజీ కూడా కనబడతాడు. 1857 జులై 17న హైదరాబాదు రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్ లేడు, అతనితో నడిచి అండమాను పాలైన మౌల్వీ అల్లావుద్దీన్ లేడు, ఉరికంబమెక్కిన అష్ఫాఖుల్లా లేడు. ముస్లిం పేరు దాక్కోవడానికి పనికొచ్చింది, జెండా పట్టడానికి పనికి రాలేదు.

కళ అంటే ఇంతేనా? కాదు. వేరే దారి కూడా తెలుగులోనే ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ అండతో భూమి లాక్కోచూసినవాళ్ల మీద కోర్టులో పోరాడి ప్రాణం పోగొట్టుకున్న రైతు షేక్ బందగీ. ఆ పోరాటం ప్రేరణగా సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మాభూమి’ నాటకం రాశారు. ప్రజానాట్యమండలి దాన్ని కోస్తా జిల్లాల్లో ఊరూరా ఆడింది. నిజాం ముస్లిం, కానీ నిజాం కింద నలిగిన రైతు కూడా ముస్లిం కావచ్చని చూసేవాడికి అర్థమైంది. 1979లో గౌతం ఘోష్ తీసిన ‘మాభూమి’ సినిమాకి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. తెలంగాణ రైతు కథని ఉర్దూ రచయిత రాశాడు, బెంగాలీ తీశాడు, తెలుగువాళ్లు గుండెకి హత్తుకున్నారు. రజాకార్లని రాతతో ఎదిరించి 1948 ఆగస్టులో హత్యకి గురైన షోయబుల్లాఖాన్ కూడా ఉర్దూ పాత్రికేయుడే. దొరతనాన్ని దొరతనంగా చూపించి, దానికి మతం బురఖా తొడగని కళ ‘మనం’ అనే మాటకి అసలు అర్థం చెప్పింది.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. 1992 డిసెంబరు 6 తర్వాత మా యువకులు చాలామంది కలం పట్టారు. 1998లో ‘జల్‌జలా’ వచ్చింది. అప్పటిదాకా పాత్రలుగా ఉన్నవాళ్లం రచయితలమయ్యాం. మా గురించి ఎవరో రాసింది చదువుకునే దశ పోయి, అందరి గురించీ మేం రాసే దశ మొదలైంది. వీళ్లు సాహిత్యాన్ని ముక్కలు చేస్తున్నారన్నారు. ముక్కలుగా ఉన్నది ఉన్నట్టు చెప్తే ముక్కలు చేసినట్టా?

2022లోనే ఈ డెల్టాలో రెండు ఘటనలు జరిగాయి. మే 24న, కొత్త కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దంటూ అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. జులై 4న భీమవరంలో అల్లూరి ముప్పై అడుగుల కంచు విగ్రహాన్ని ప్రధానమంత్రి ఆవిష్కరించారు. బ్యారేజీకి కాటన్ పేరు పెడితే ఈ సీమలో ఒక్క గడ్డివాము కూడా తగలబడలేదు. ఈ దేశానికి రాజ్యాంగం రాసిచ్చిన మనిషి పేరుకి మాత్రం నిప్పు పెట్టారు. తెల్లదొర పేరు నోట్లోకి తేలిగ్గా వస్తుంది, దళితుడి పేరు గొంతులో అడ్డం పడుతుంది. సామ్రాజ్యం పోయింది, దానికి ముందూ వెనకా ఉన్న అంతస్తులు పోలేదు. మాకూ దళితులకీ ఉన్న చుట్టరికం ఇక్కడే.

మేం కాటన్ విగ్రహాల్ని పగలగొట్టమనడం లేదు. 2020లో బ్రిస్టల్ జనం బానిస వ్యాపారి కోల్‌స్టన్ విగ్రహాన్ని రేవులోకి తోశారు. మనుషుల్ని అమ్మినవాడు, నీళ్లు మళ్లించినవాడు ఒకటి కాదు. కాటన్ పక్కన ఒక సాయిబు విగ్రహం పెట్టి సరిపెట్టమనీ అడగడం లేదు. మేం అడిగేది విగ్రహాల్ని, పద్యాల్ని, సినిమాల్ని చూసే చూపు మార్చమని. పిల్లలకి పాడి ఆవు పద్యం చెప్పండి, ఆ పక్కనే ఆ దూడల్లో ఎవరెవరున్నారో అడగండి. ఆనకట్ట పాఠం చెప్పండి, రాయి మోసిందెవరో అడగండి. అఖ్తర్‌ని చూపించండి, అతను ఆఖరి పాటలో ఎందుకు లేడో అడగండి. ఉమర్ ఆలీషాని చదవండి, చదివేటప్పుడు ‘అయినా’ తీసెయ్యండి.

గోదావరి ధవళేశ్వరం దగ్గర చీలుతుంది. గౌతమి, వసిష్ఠ పేర్లు వేరవుతాయి, నీళ్లు అవే. ఆ రెండు పాయల నడుమ బతుకుతున్నవాళ్లం మేం. మాకు కొత్తగా ఎవరూ చోటివ్వక్కర్లేదు, మేం ఇక్కడే ఉన్నాం. ‘మనం’ అనే మాటని దాని సొంత వ్యాకరణం ప్రకారం వాడితే చాలు.